ఆరు ఇంజన్లకూ ఒకే నంబరు

బావకి ముక్కు మీద కోపం అని అందరూ అంటారు గానీ అది శుద్ధ అబద్ధం. ముక్కు మీది కోపమైతే ఒక తుమ్ముతో పోతుంది. బావ కోపం కడుపులో ఉంటుంది. అక్కడ కాపురం పెట్టి, తాపీగా సామాను సర్దుకుని, ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసినవాడు బావమరిది. అక్క పెళ్ళయిన నాటి నుంచీ ఆ కోపాన్ని గిల్లి తమాషా చూడడమే అతని పని. అంత తెలిసీ, క్లబ్బు మీటింగులో పదిమంది చూస్తుండగా బావకి ఎదురుగా చెయ్యెత్తాడు.

పదిమంది అన్నది మాటవరసకి. క్లబ్బులో ఉన్నదే ఏడుగురు.

టైర్ల షాపు పై అంతస్తులో పొడుగాటి గది అది. కింద నుంచి రబ్బరు వాసన, గాలి కొట్టే మిషను బుస్సుమనే చప్పుడు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. గోడల వెంట నడుమెత్తు బల్ల, బల్ల మీద బొమ్మ రైలుమార్గం. రెండు స్టేషన్లు, ఒక వంతెన, ప్లాస్టరుతో పోసిన కొండ, ప్లాట్‌ఫారం మీద ఇరవై రెండేళ్ళుగా రాని రైలు కోసం ఎదురుచూస్తున్న గోరంత మనుషులు. ఏడుగురు సభ్యులకి ఏడు ఇంజన్లు. అందరిలోకీ పాతది బావది. పోత ఇనుముతో చేసిన నల్ల ఇంజను, చేతిలోకి తీసుకుంటే అరకిలో పైనే తూగుతుంది. దాన్ని అందరూ 'పెద్దావిడ' అంటారు.

పాత పద్ధతిలో పట్టాల్లో కరెంటు వదిలితే పట్టాల మీదున్న ఇంజన్లన్నీ కదులుతాయి. ఒకటి కదలాలి, ఇంకొకటి ఆగాలి అంటే దారిని ముక్కలు చేసి, ముక్కకో స్విచ్చి పెట్టాలి. ఆ పని చేసింది బావే. దారిని పదహారు ముక్కలు చేసి, పదహారు స్విచ్చిలు ఒక ఇనప పలకకి బిగించాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. ముప్పై ఒక్క సంవత్సరాలు జనాన్ని పైకీ కిందికీ తిప్పి రిటైరయ్యాడు. అందుకని స్విచ్చిలకి కూడా లిఫ్టు పేర్లే పెట్టాడు: బేస్‌మెంటు, గ్రౌండు, అక్కడి నుంచి పద్నాలుగో అంతస్తు దాకా. వంతెన ఇవతలి సగం తొమ్మిదో అంతస్తని, సొరంగం బేస్‌మెంటు కాదు పదకొండో అంతస్తని బావకి తప్ప ఇంకెవరికీ తెలీదు. ఎవరైనా అడిగితే, "నేనున్నాను కదయ్యా, నీకెందుకు" అనేవాడు. రెండు రైళ్ళు ఒకేసారి నడవాలంటే బావ పలక దగ్గర నిలబడాల్సిందే. ఆయనకి జలుబు చేస్తే క్లబ్బుకి సెలవు.

ఇక బావమరిది వృత్తి పళ్ళు చెయ్యడం. పీకేవాడు కాదు, పీకినచోట పెట్టే పళ్ళు తయారుచేసేవాడు. పొద్దస్తమానం ఎవరి నోట్లోనో కూర్చోబోయే దంతాన్ని పట్టకారుతో పట్టుకుని అరగదీస్తుంటాడు. ఆ పనిలో ఎవరూ మాట్లాడరు, పళ్ళు అసలే మాట్లాడవు. వారమంతా మూసుకున్న నోరు శనివారం సాయంత్రం క్లబ్బులో, బావ పక్కన తెరుచుకునేది. మూడు గంటలసేపు బావని ఏడిపించడం, బావ చేత తిట్టించుకోవడం. అతనికి అంతకు మించిన సుఖం లేదు.

అలాంటివాడు ఏడాది నుంచీ డిజిటల్ అని మొదలెట్టాడు. డిజిటల్ పద్ధతిలో పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. ప్రతి ఇంజను కడుపులో గోరంత చిప్పు, ఆ చిప్పుకి ఒక నంబరు. చేతిలో రిమోటు పట్టుకుని నంబరు నొక్కితే ఆ నంబరు ఇంజనే కదులుతుంది, మిగతావి కిమ్మనవు. చిప్పు లేని పాత ఇంజన్ని ఆ పట్టాల మీద పెడితే మాత్రం జుమ్మని మూలిగి, వేడెక్కి, మోటారు కాల్చుకుంటుంది.

మీటింగులో సెక్రటరీ, ఆయన జాగ్రఫీ మాస్టారు, డిజిటల్ వల్ల లాభాలేమిటో చెప్పమని బావమరిదిని అడిగాడు. అతను లేచి, ఉత్సాహం పట్టలేక, "ఇక స్విచ్చిలతో పనే లేదండీ, పలక దగ్గర మనిషి నిలబడే అవసరమే ఉండదు" అన్నాడు. ఆ అవసరం లేని మనిషి పలక దగ్గరే నిలబడి ఉన్నాడు. కింద గాలి మిషను సరిగ్గా అప్పుడే ఆగింది, దానికీ బుద్ధి లేదు.

"మీరు అది బిగించిన రోజు నా ఇంజను నేను పట్టుకుపోతాను. మళ్ళీ నన్ను పిలవొద్దు" అన్నాడు బావ.

ఓట్లు లెక్కపెడితే పాత పద్ధతికి మూడు, డిజిటల్‌కి నాలుగు. ఆ నాలుగో చెయ్యి బావమరిదిది. బావ ఆ చేతినొకసారి చూసి, పెద్దావిడని తువ్వాల్లో చుట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు. పనిముట్ల పెట్టె కూడా తీసుకెళ్ళలేదు.

నాలుగో రోజున అక్క ఫోను చేసింది.

"ఒరేయ్, మీ బావ ఇంట్లో ఉన్నాడు."

"ఉంటే మంచిదే కదక్కా."

"నాలుగు రోజుల నుంచీ ఉన్నాడు. తలుపులన్నిటికీ నూనె పోశాడు. ఇప్పుడు ఒక్క తలుపూ చప్పుడు చెయ్యదు. మనిషి ఎటు నుంచి వస్తున్నాడో తెలీక, వెనక్కి తిరిగినప్పుడల్లా గుండె ఆగి కొట్టుకుంటోంది. నిన్న వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్దాడు. ఉప్పు కోసం పదిహేను మూతలు తీశాను. ఇవాళ నా కుట్టుమిషను వంక చూస్తున్నాడు. నువ్వేదో చెయ్యెత్తావట కదా, దించరా బాబూ."

"ఎత్తింది దించడానికి కుదరదక్కా. ఆదివారం నుంచి డిజిటల్. అందర్నీ పిలిచారు కూడా."

అక్క ఊరికే ఫోను చెయ్యలేదు. ఎత్తు ముందే వేసి పెట్టుకుంది. గురువారం పదకొండు గంటలకి బావని కళ్ళ పరీక్షకి తీసుకెళ్తుంది. తాళంచెవి పక్కింటావిడ దగ్గర ఉంటుంది. పెద్దావిడ బీరువాలో, తువ్వాళ్ళ వెనక ఉంది.

"వచ్చి ఆ చిప్పేదో పెట్టేసి పో. ఆదివారం చక్కగా నడుస్తుంది. నడిచాక ఇంకేం వంక పెట్టి ఇంట్లో కూర్చుంటాడో నేనూ చూస్తాను."

"బావకి తెలిస్తే?"

"నాకేం తెలీదంటాను. దొంగతనం చేసింది నువ్వు."

బావమరిదికి భయమూ వేసింది, నవ్వూ వచ్చింది. ఈ రెంటిలో ఏది గెలుస్తుందో చూద్దాం అనుకుంటే ఎప్పుడూ నవ్వే గెలుస్తుంది. గురువారం పదకొండూ పదికి అక్క ఇంట్లో భోజనాల బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ల్యాబులోంచి తెచ్చిన బుల్లి స్క్రూడ్రైవర్లు, పట్టకారు, సాల్డరింగు సామాను వరసగా పేర్చాడు. కళ్ళకి భూతద్దం కట్టుకున్నాడు. పెద్దావిడని వెల్లకిలా పడుకోబెట్టి రెండు స్క్రూలు విప్పాడు.

పాత ఇంజన్లతో వచ్చే చిక్కు అతనికి తెలుసు. వాటి మోటారు ఇనప ఒంటికే అతుక్కుని, పట్టాల కరెంటు నేరుగా తాగుతుంటుంది. ముందు దాన్ని ఒంటి నుంచి విడదియ్యాలి. ఎక్కడ వెంట్రుకవాసి తగిలినా చిప్పు పొగై లేచిపోతుంది. గంటన్నర పని. కళ్ళ డాక్టరు దగ్గర రద్దీ ఉండాలని దేవుణ్ణి తలుచుకుని పై డొప్ప ఎత్తాడు.

లోపల చిప్పు ఉంది.

భూతద్దం తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. పసుపు టేపు చుట్టి, ఎరుపు, నలుపు, నారింజ, బూడిదరంగు తీగలతో చిప్పు హాయిగా కూర్చుని ఉంది. మోటారుకీ ఒంటికీ మధ్య, పెన్ను రీఫిల్లు కోసి చేసిన గొట్టం ముక్క. అతుకులు మాత్రం ఒక్కొక్కటి బఠాణీ గింజంత. లిఫ్టు తీగలు అతికి అలవాటైన చెయ్యి. డొప్ప లోపలివైపు ఒక కాగితం ముక్క అంటించి ఉంది. లిఫ్టు బాగుచేసిన ప్రతిసారీ లోపల తేదీ వేసి సంతకం పెట్టడం బావకి అలవాటు. తేదీ చూస్తే మీటింగుకి రెండున్నర నెలల ముందుది.

ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. చిప్పు ఉన్న ఇంజను పాత కరెంటు మీద కూడా నడుస్తుంది, కాకపోతే బద్ధకంగా. మీట సగం తిప్పితే గానీ కదలదు. రెండున్నర నెలలుగా పెద్దావిడ అచ్చం అలాగే మొరాయిస్తోంది. "నాకూ దానికీ వయసైపోయింది" అని బావ అంటుంటే అందరూ నిజమే కాబోలని జాలిపడ్డారు. బావమరిది అందరికన్నా ఎక్కువ జాలిపడి, ఒకరోజు నూనె కూడా తెచ్చిచ్చాడు. బావ ఆ నూనె తీసుకుని, మొహం అలాగే పెట్టుకుని, థాంక్స్ చెప్పాడు.

బావమరిది ఆ ఖాళీ ఇంట్లో ఒక్కడే పడీ పడీ నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటుంటే నవ్వు ఎక్కడో దారి తప్పింది. తను ఏడాదిగా చెవిలో పోరుతున్న మాటని బావ పెడచెవిని పెట్టలేదు. విన్నాడు. విని, ఎవరికీ చెప్పకుండా కూర్చుని నేర్చుకున్నాడు. అంటే ఆ రోజు బావకి కోపం వచ్చింది డిజిటల్ మీద కాదు. పలక దగ్గర మనిషి అవసరం లేదన్న మాట మీద. ఆ మాట అన్నది తనే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. బావ లేని క్లబ్బు తనకి వద్దు. ఆ ముక్క చెయ్యెత్తేముందు తట్టలేదు, ఇంకొకరి ఇంట్లో దొంగతనానికి వచ్చాక తట్టింది.

పోనీ, ఎదురుగా వెళ్ళి క్షమించమని అడిగేస్తే? ఇంజను విప్పానని కూడా ఒప్పుకోవాలి. అంత ధైర్యం లేదు. చూసినవి చూసినట్టే మూసేసి వెళ్ళిపోదామనుకున్నాడు గానీ చెయ్యి ఊరుకోలేదు. పళ్ళచక్రాల సందుల్లో ఏళ్ళనాటి జిడ్డు నల్లగా గడ్డకట్టి ఉంది. వృత్తిరీత్యా అలాంటిది చూసి వదిలెయ్యలేడు. చిన్న బ్రష్షుతో ఒక్కొక్క పన్నూ శుభ్రం చేసి, చుక్క నూనె వేసి, డొప్ప బిగించి, తువ్వాళ్ళ వెనక పెట్టేశాడు.

అక్క కళ్ళ డాక్టరు వరండాలోంచి గుసగుసగా ఫోను చేసింది. "అయిందా?"

"అయింది." అంతకన్నా చెప్పలేదు. చెప్పి ఉంటే అక్క ఆ పూటే బావని మొహం మీద అడిగేసి ఉండేది. ఆవిడకి ఎత్తులు వెయ్యడం వచ్చు, దాచడం రాదు. "ఆదివారం బావని సరిగ్గా పదింటికి క్లబ్బుకి పంపు. అక్కడ వదిలేసిన పనిముట్ల పెట్టె తెచ్చుకోమని చెప్పు."

"ఎందుకు?"

"నువ్వే కదా నన్ను దొంగని చేశావు. ఇంకా అడక్కు."

ఇంటికెళ్ళే దారిలోనే పథకం తయారైంది. బావ అవసరం లేదని తనే అన్నాడు కాబట్టి, బావ లేకపోతే ఏమవుతుందో అందరికీ తనే చూపించాలి. క్లబ్బులో ఒక ఆచారం ఉంది. చూడ్డానికి జనం వచ్చినప్పుడు ఇంజన్ని ఎవరూ చేత్తో ముట్టుకోకూడదు. పట్టా తప్పినా, ఇరుక్కున్నా, స్విచ్చిలతోనే ముందుకో వెనక్కో నడిపి బయటపడాలి. చేత్తో ఎత్తడమంటే పరువు పోవడమే. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ ఎవరూ ఎత్తలేదు. సెక్రటరీ అయితే ప్రాణం పోయినా ఎత్తడు.

ఆరు ఇంజన్లకీ చిప్పులు పెట్టి నంబర్లు వేసింది బావమరిదే. నంబరు వెయ్యడానికి గది మూల విడిగా జానెడు పట్టా ముక్క ఉంటుంది. ఒక్కొక్క ఇంజన్నే దాని మీద పెట్టి నంబరు రాయాలి. ఆ తీగలు పొరపాటున పెద్ద దారికి తగిలిస్తే, దారి మీదున్న ఇంజన్లన్నీ ఒకే నంబరు రాసేసుకుంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేసే తప్పు. ఆదివారం పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి, ఎంతో శ్రద్ధగా, బావమరిది ఆ తప్పు చేశాడు. ఎనిమిది నొక్కాడు. ఆరు ఇంజన్లూ ఎనిమిదయ్యాయి. తీగలు మళ్ళీ యథాస్థానంలో పెట్టి, స్టేషన్లో దుమ్ము తుడుస్తూ అమాయకంగా నిలబడ్డాడు.

లెక్క ప్రకారం పదింటికి బావ రావాలి. సెక్రటరీ ఉపన్యాసం పదిన్నర దాకా సాగాలి, ఆయన ఎప్పుడూ నదుల దగ్గర మొదలుపెడతాడు. ఆ రోజు మాత్రం పాతికమంది జనాన్ని చూసి బెదిరిపోయి, నాలుగు మాటల్లో ముగించేశాడు. తొమ్మిదీ యాభై. బావమరిది దుమ్ముగుడ్డ పడేసి, "మాస్టారూ, నదుల గురించి చెప్పరా?" అని అడిగాడు. సెక్రటరీ ఆశ్చర్యంగా చూసి, "వాటికీ వీటికీ సంబంధం ఏమిటయ్యా" అని, రిమోటులో తన ఇంజను నంబరైన ఎనిమిది నొక్కి, మీట ఆ చివరిదాకా తిప్పేశాడు.

ఆరు ఇంజన్లూ ఒక్కసారి బయలుదేరాయి.

జనం అబ్బురపడి చప్పట్లు కొట్టారు. సెక్రటరీ కూడా ఒక క్షణం మురిశాడు. ఆ తరవాతే ఇంకో సభ్యుడు మందుల షాపాయన ఇంజనూ, సెక్రటరీ ఇంజనూ వంతెన మీద ఒకే పట్టా మీద ఎదురెదురుగా వస్తున్నాయని కనిపించింది. ఆపేశాడు. ఆరూ ఆగాయి. వెనక్కి తిప్పాడు. వంతెన మీదివి విడిపోయాయి గానీ, స్టేషన్లో బావమరిది రైలూ, ఇంకొకటీ ఒకదాన్నొకటి వెనక నుంచి పొడవబోయాయి. మళ్ళీ ఆపాడు. ముందుకి నడిపితే వంతెన మీద గుద్దుకుంటాయి, వెనక్కి నడిపితే స్టేషన్లో. మందుల షాపాయన ఉండబట్టలేక ఎత్తబోతే, సెక్రటరీ కళ్ళతోనే ఆ చేతిని ఆపాడు. ఎవరో పరిగెత్తుకెళ్ళి, ఇంకా పీకని పలక మీద 'ఏడో అంతస్తు' నొక్కారు. ఆ స్విచ్చికే తగిలించిన స్టేషను దీపాలు ఆరిపోయాయి.

"ఇదంతా ఆటలో భాగమేనా?" అని టైర్ల షాపు యజమాని అడిగాడు.

బావమరిది గుమ్మం వైపు చూశాడు. బావ రాకపోతే? ఇలాంటి పథకాల్లో ఆ ప్రశ్న ముందే వేసుకోవాలని అతనికి ఎప్పటికీ తెలిసిరాదు. పదీ అయింది, పదీ అయిదూ అయింది. పదీ పదికి బావ వచ్చాడు. భుజాన గుడ్డసంచి. గుమ్మంలో నిలబడి, చేతులు కట్టుకుని, వంతెనా స్టేషనూ తీరిగ్గా చూశాడు. లోపలికి రాలేదు. వచ్చి కాపాడమని సెక్రటరీ సైగ చేశాడు. బావ గోడమీద గడియారం చూసుకున్నాడు.

ఆ కంగారులో సెక్రటరీ చెయ్యి తగిలి మీట కాస్త కదిలింది. వంతెన మీది ఇంజన్లు రెండూ ముందుకి జరిగి, మధ్యలో నాలుగు వేళ్ళ దూరం మిగిలింది. లిఫ్టు మధ్యలో ఇరుక్కుంటే ముప్పై ఒక్క సంవత్సరాలు పరిగెత్తిన మనిషి, ఎంత కోపమున్నా ఎంతసేపు ఓర్చుకుంటాడు? రెండంగల్లో పలక దగ్గరికి వచ్చాడు. చూడకుండానే పదహారు స్విచ్చిలూ వరసగా పడగొట్టాడు.

"నంబర్లు రాసే తీగలు పెద్ద దారికి తగిలించు" అన్నాడు బావమరిదితో, తల తిప్పకుండా. "నీకు అలవాటే కదా."

తన పని బయటపడిందని బావమరిదికి అర్థమైంది. నోరు మూసుకుని తగిలించాడు.

ఆ తరవాత బావ ఒక్కొక్క స్విచ్చే వేశాడు. "తొమ్మిదో అంతస్తు. ఎవరిది?" "నాదండీ" అన్నాడు మందుల షాపాయన. "నంబరు?" "పన్నెండు." ఆ ముక్కలో ఒక్క ఇంజనుకే కరెంటు ఉంది కాబట్టి అదొక్కటే పన్నెండు రాసుకుంది. "పదకొండో అంతస్తు. ఎవరు దిగాలి?" జనం నవ్వడం మొదలెట్టారు. ఆరు అంతస్తులూ తిరిగి, తీగలు మళ్ళీ మార్చి, స్విచ్చిలన్నీ వేసేసరికి ఆరు ఇంజన్లూ ఎవరి పేరు వాటికి తెచ్చుకుని, ఒక్కొక్కటీ విడివిడిగా, బుద్ధిగా కదిలాయి. పాతికమందీ చప్పట్లు కొట్టారు. ఏ ఇంజన్నీ ఎవరూ ముట్టుకోలేదు. సెక్రటరీ రుమాలుతో మొహం తుడుచుకుని, ఈ పలకని ఎన్నటికీ పీకకూడదని అక్కడికక్కడే తీర్మానం చేశాడు. ఈసారి ఆరు చేతులూ లేచాయి.

బావమరిది తన తెలివికి తనే మురిసిపోతూ బావ వంక చూశాడు. బావ మూలకి వెళ్ళి, పనిముట్లు ఒక్కొక్కటీ పెట్టెలో సర్దుకుంటున్నాడు.

పెట్టె మూత వేశాక, సంచిలోంచి పెద్దావిడని తీసి తువ్వాలు విప్పాడు. "పోయేముందు దీన్నొక చుట్టు తిప్పుతాను."

"అయ్యో, వద్దండీ. చిప్పు లేనిది, మోటారు కాలిపోతుంది" అన్నాడు సెక్రటరీ నిజమైన బాధతో.

బావ వినిపించుకోలేదు. పట్టాల మీద పెట్టి, రిమోటు తీసుకుని మూడు నొక్కాడు. జుమ్మని మూలగలేదు. పెద్దావిడ మెల్లగా, చప్పుడు లేకుండా కదిలి, వంతెన దాటి, సొరంగంలోకి పోయి, దర్జాగా బయటికొచ్చి, బావ ముందే ఆగింది. క్లబ్బు క్లబ్బంతా నోరు వెళ్ళబెట్టింది. బావ దాన్ని మళ్ళీ తువ్వాల్లో చుట్టి, పెట్టె పట్టుకుని బయటికి నడిచాడు.

బావమరిది వెనకే పరిగెత్తాడు. మెట్ల మలుపులో పాత టైర్ల దొంతర మీద పెట్టె దించి, బావ అలుపు తీర్చుకుంటున్నాడు.

"అందరూ నోరు తెరిచారు. నువ్వొక్కడివే మూసుకున్నావు" అన్నాడు బావ.

బావమరిది టైరు మీది దుమ్ము వేలితో గీశాడు.

"నేను గురువారం సాయంత్రమే చూశాను. ఎవరో లోపలికి దూరారని తెలిసింది. దొంగ ఇంట్లో పడితే సామాను ఎత్తుకుపోతాడు. ఇంజను విప్పి, పళ్ళు తోమి, మళ్ళీ బిగించి పోయే దొంగ నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు."

"అక్క చెప్పింది, అందుకే..."

"మీ అక్క నాకేం తెలీదని అడక్కుండానే మూడుసార్లు చెప్పింది. సరే. ఇవాళ్టి సంగతేమిటి? ఆ డిజిటల్ పుస్తకం నేనూ చదివానోయ్. మూడుసార్లు చదివాను. ఆరింటికీ ఎనిమిది పొరపాటున పడదు."

"నువ్వు లేకపోతే కుదరదని అందరికీ తెలియాలని చేశాను బావా. తెలిసింది కదా. పలక ఉంచుతామన్నారు."

"స్విచ్చిలదేముంది. కాగితం మీద రాసిస్తే ఎవరైనా నేర్చుకుంటారు. నెల చాలు." బావ పెట్టె పిడి మీద వేళ్ళు ఆడించాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే బావమరిదికి సులువయ్యేది. "ఏడాదిపాటు నా బుర్ర తిన్నావు. నీ కోసమే నేర్చుకున్నాను. మూడు చిప్పులు కాల్చాను, నాలుగోది బతికింది. నీకే ముందు చూపించి, నీ మొహం చూడాలనుకున్నాను. ఇంతలో నువ్వు లేచి, మనిషి అక్కర్లేదన్నావు. ఆ చెయ్యి ఎత్తేముందు, బావా నువ్వేమంటావని ఒక్క మాట అడిగి ఉంటే, నీకన్నా ముందు నేనే ఎత్తేవాణ్ణి."

వారమంతా మూసుకున్న నోరు ఇక్కడ తెరుచుకోవాలి. బావమరిదికి ఒక్క పరిహాసమూ తట్టలేదు. బావని ఇన్నేళ్ళు ఏడిపించాడు గానీ నొప్పించింది ఇదే మొదటిసారి. పైన గదిలో ఎవరో రైలు కూత వేశారు. జనం నవ్వుతున్నారు. అతనికి ఆ గదిలోకి ఒక్కడే తిరిగి వెళ్ళడం సాధ్యం కాదనిపించింది.

"తప్పయింది బావా."

"ఊ."

"ఇప్పుడు అడుగుతున్నాను. ఆలస్యంగానే అడుగుతున్నాను. నువ్వేమంటావు? ఉంటావా?"

బావ జేబులోంచి కొత్త కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, బావమరిది మొహాన్ని కాసేపు పరిశీలనగా చూశాడు. వడ్డించిన విస్తరి ముందు కూర్చున్నవాడిలా, ఏ తొందరా లేకుండా.

"గట్టిగా అడుగు. వినపడలేదు."

"నువ్వు లేకపోతే నాకు ఆ గది వద్దు బావా. ఉండు, నీకు దణ్ణం పెడతాను."

"అడిగితే ఉండక చస్తానా" అన్నాడు బావ. పెద్దావిడని చంకలో పెట్టుకుని పైకి నడుస్తూ, టైర్ల మీదున్న పెట్టెని గడ్డంతో చూపించాడు. "అది నువ్వు మొయ్యి."

పెట్టె మణుగు బరువుంది. బావమరిది రెండు చేతులతో ఎత్తుకుని వెనకాలే ఎక్కాడు.